కడబంతిలో రుచి

అది 2014 ఉగాది మర్నాటి రాత్రి. మంచినీళ్ళ కోసం లేచి వంటింటి వైపు వెళ్తే చీకట్లో డబ్బా మూత చప్పుడయింది. స్విచ్చి వేశాను. గట్టు పక్కన నిలబడి అమ్మ బొబ్బట్టు తింటోంది. అప్పటికి ఆమెకి డెబ్భై రెండేళ్ళు. షుగరు వచ్చి పద్దెనిమిదేళ్ళయింది. ముందు ఏడాదే కుడికాలి చిటికెనవేలు తీసేశారు. నాకు ఒళ్ళు మండిపోయింది. "నీకెన్నిసార్లు చెప్పాలమ్మా? ఆ మాత్రం నోరు కట్టుకోలేవా?" అని అరిచాను. ఆమె చేతిలో ముక్కని డబ్బాలో పెట్టేసింది. సింకు దగ్గర చెయ్యి కడుక్కుంటూ, నా వంక చూడకుండానే అంది: "ఇన్నేళ్ళూ వేలకి వేలు చేశాను. ఒక్కటన్నా పెనం మీంచి తీసి వేడిగా తిన్నానటే?"

నేను జవాబు చెప్పలేదు. డబ్బా తీసి, ఆమెకి అందకుండా పై అరలో పెట్టాను.

ఆ వారంలోనే ఎం.ఏ. విద్యార్థులకి విమల 'వంటిల్లు' పాఠం చెప్పాను. చిన్నప్పుడు పరిమళాల లోకంలా కనిపించిన గది, పెద్దయ్యాక స్త్రీని గరిటెకి కట్టిపడేసే చోటుగా ఎలా మారుతుందో ఆవేశంగా వివరించాను. పిల్లలు శ్రద్ధగా రాసుకున్నారు. మా ఇంటి వంటగదిలో మూడు రాత్రుల క్రితం జరిగినదానికీ ఈ పాఠానికీ సంబంధం ఉందని నాకు తట్టనే లేదు. 2016లో అమ్మ పోయింది. మరో మూడేళ్ళకి అదే జబ్బు నాకూ వచ్చింది. అప్పుడు తట్టింది.

ఇది నా ఆరోగ్యం గురించి రాస్తున్న వ్యాసం కాదు. అమ్మ అడిగిన ప్రశ్నని పట్టుకుని, స్త్రీల తిండి గురించి మనం ఏం రాశామో, ఏం రాయకుండా వదిలేశామో చూడాలన్న ప్రయత్నం.

*

నాకు వచ్చిన అంకె 7.2. హెచ్‌బిఏ1సి అనే ఈ పరీక్ష, రక్తంలోని చక్కెర హిమోగ్లోబిన్‌కి ఎంత అంటుకుందో లెక్కగడుతుంది. ఎర్రరక్తకణం ఆయుష్షు నాలుగు నెలలు కాబట్టి గత రెండు మూడు నెలల సగటు అందులో తెలిసిపోతుంది. 6.5 దాటితే మధుమేహం. ఒక్కరోజు పస్తుండి పరీక్షకి వెళ్ళి డాక్టర్ని మాయ చేయడం ఇందులో కుదరదు. మన త్రైమాసిక పత్రికలాగా ఇది కూడా మూడు నెలలకోసారి వచ్చి లెక్క చెబుతుంది.

అంకెతో పాటు ఒక కాగితం వచ్చింది. ఉదయం ఓట్స్, పదకొండింటికి మజ్జిగ, మధ్యాహ్నం ఒక కప్పు అన్నం లేదా రెండు పుల్కాలు, సాయంత్రం మొలకలు. చివర్లో ఎర్రసిరాతో 'వద్దు'ల జాబితా: స్వీట్లు, బెల్లం, మామిడి, సపోటా, దుంపలు. మా అమ్మాయి దాన్ని ఫ్రిజ్ తలుపుకి అంటించింది. ఒక పెళ్ళిలో నా విస్తట్లో పడ్డ జాంగ్రీని మా ఆయన మాటా పలుకూ లేకుండా తన విస్తట్లోకి మార్చుకున్నాడు. ఇద్దరిదీ ప్రేమే, కాదనను. నేను అమ్మ డబ్బాని పై అరలో పెట్టిందీ ప్రేమతోనే కదా! కానీ ఆ క్షణంలో నా గొంతులో అడ్డం పడింది జాంగ్రీ మీద ఆశ కాదు. నా నోటికి ఏం కావాలో, ఎంత కావాలో నిర్ణయించే చోట నేను లేకపోవడం.

తెలుగులో 'నోరు' అనే మాట చేసే పని గమనించండి. తినేదీ నోరే, మాట్లాడేదీ నోరే. పథ్యం చేసేవాళ్ళని నోరు కట్టుకోమంటాం. ఎదురు చెప్పే ఆడదాన్ని నోరు మూసుకోమంటాం. గట్టిగా మాట్లాడితే నోరుగల మనిషి. ఇష్టంగా తింటే జిహ్వచాపల్యం. అదే మగవాడు ఇష్టంగా తింటే 'భోజనప్రియుడు'. ఆ మాటని స్త్రీలింగంలో ఎవరైనా మెచ్చుకోలుగా వాడగా నేను వినలేదు. మాట మీద అదుపుకీ ముద్ద మీద అదుపుకీ ఒకే తాడు ఉందనడానికి వేరే సిద్ధాంత గ్రంథాలు అక్కర్లేదు, మన ఇళ్ళలో మాటలే చాలు.

ఈ కట్టడి నుంచి స్త్రీకి మినహాయింపు దొరికే కాలం ఒకటుంది. వేవిళ్ళతో ఉన్నప్పుడు ఏం తినాలనుందో అడుగుతారు. చలిమిడి పెడతారు. పులుపు కోరితే మామిడికాయ వెతికి తెస్తారు. కాన్పయ్యాక బాలింతకి వెల్లుల్లి కారంతో వేడి అన్నం ముందుగా, కూర్చోబెట్టి పెడతారు. నాకు మా అమ్మ అలా పెట్టింది. ఆమెకి వాళ్ళమ్మ పెట్టి ఉంటుంది. ఆ ఆదరం నిజమే. కానీ ఆ కోరిక కడుపులో బిడ్డది, ఆ పథ్యం బిడ్డ తాగే పాల కోసం. ఇంకొకరి తరఫున అయితే తప్ప స్త్రీ నాలుకకి హక్కు లేదన్నమాట. బిడ్డ అన్నం తినడం మొదలెట్టిన రోజు నుంచీ తల్లి మళ్ళీ కడబంతికే.

'వడ్డించేవాడు మనవాడైతే కడబంతిని కూర్చున్నా ఫర్లేదు' అని సామెత. ప్రతి ఇంట్లో వడ్డించేది ఆవిడే. అయినా కడబంతిలో ఆవిడకి మిగిలేది అడుగంటిన కూర, విరిగిన బొబ్బట్టు. సామెత చెప్పినవాళ్ళకి వడ్డించే మనిషి కూడా తినాలన్న ఊహ వచ్చినట్టు లేదు.

*

స్త్రీవాద సాహిత్యం ఈ విషయాన్ని ఎలా చూసింది? 'నీలిమేఘాలు' సంకలనం 1993లో వచ్చినప్పుడు మేమంతా దాన్ని చేతుల్లోంచి దించలేదు. కొండేపూడి నిర్మల 'లేబర్ రూమ్' గురించి రాసింది. జయప్రభ పైటని ప్రశ్నించింది. ఓల్గా 'రాజకీయ కథలు' స్త్రీ శరీరం చుట్టూ అల్లుకున్న రాజకీయాలని విప్పి చూపాయి. పి. సత్యవతి 'ఇల్లలకగానే' కథలో ఇల్లాలు అలుకుతూ అలుకుతూ తన పేరే మర్చిపోతుంది. ఇంటిచాకిరీ గురించి, ప్రసవం గురించి, లైంగికత గురించి అంతకు ముందు లేని భాష మనకి వచ్చింది. ఆ భాష లేకపోతే నేను ఇప్పుడీ వ్యాసం రాయగలిగేదాన్ని కాదు.

కానీ ఒక వెలితి ఉంది. వండే స్త్రీ గురించి మనం చాలా రాశాం. తినే స్త్రీ గురించి, నాకు కనిపించినంతలో, చాలా తక్కువ రాశాం. పొయ్యి ముందు ఆమె చెమట కనిపించింది గానీ, ఆమె ఆకలీ, ఆమె ఇష్టమూ అంతగా కనిపించలేదు. దీనికి కారణం ఉందనుకుంటాను. వంటింటిని నిర్బంధంగా చూసే పోరాటంలో, ఆ వంటింట్లోంచి వచ్చిన రుచిని ఇష్టపడటం ఓటమిలా అనిపించింది మాకు. 'నాకు వంట రాదు' అని గర్వంగా చెప్పుకున్న రోజులు నాకు గుర్తే. 'నాకు తినడం ఇష్టం' అని మాత్రం ఎవరం చెప్పుకోలేదు. పితృస్వామ్యం నేర్పిన నోరు కట్టుకోవడాన్ని మేం ఇంకో దారిలో పాటించామా అని ఇప్పుడు అనుమానం వస్తోంది.

మనం వదిలేసిన చోటుని ఎవరు నింపారు? స్త్రీల పేజీలు నింపాయి. అక్కడ ఎడమ పక్క పేజీలో పండగ పిండివంటలు, కుడి పక్క పేజీలో పదిరోజుల్లో నడుము తగ్గించే ఉపాయాలు. రెండూ ఒకే పాఠకురాలికి! నేతిలో వేయించి అందరికీ పెట్టాల్సిందీ ఆవిడే, తను మాత్రం సన్నగా ఉండాల్సిందీ ఆవిడే. మధ్యలో 'మీ వారి గుండెకి మేలు చేసే వంటలు' అని ఒక పెట్టె. ఆవిడ గుండె సంగతి ఎవరూ ఎత్తరు.

ఈ సందర్భంలో మాలతీ చందూర్ 'వంటలు - పిండివంటలు' తలుచుకోవాలి. ఆ పుస్తకాన్ని మేం సాహిత్యంగా ఎప్పుడూ లెక్కలోకి తీసుకోలేదు. 'హృదయనేత్రి'కి 1992లో సాహిత్య అకాడమీ అవార్డు వస్తే ఆ నవల గురించి మాట్లాడాం గానీ, తెలుగిళ్ళలో తరాల పాటు నూనె మరకలతో, చిరిగిన అట్టలతో బతికిన పుస్తకం గురించి మాట్లాడలేదు. అత్తగారి దయాదాక్షిణ్యాల మీద ఆధారపడకుండా కొత్త కోడలికి వంటని నేర్పిన పుస్తకం అది. జ్ఞానం చేతులు మారడం చిన్న విషయం కాదు. అయితే వంటల పుస్తకాలన్నిటిలో ఉన్న మౌనమే నాకిప్పుడు వినిపిస్తోంది. కొలతలు చెబుతాయి, ఎందరికి సరిపోతుందో చెబుతాయి. ఆ ఎందరిలో వండినావిడ ఉందో లేదో చెప్పవు.

*

ఇక ఆ ఫ్రిజ్ మీది కాగితం. దాన్ని కూడా ఒక రచనగానే చదవాలని నాకు నేర్పింది, మా కాలేజీలో పనిచేసే ఒక స్నేహితురాలు. ఆమెది జహీరాబాద్ దగ్గర మెట్ట పల్లె. కాగితం చదివి నవ్వింది. "చిరుధాన్యాలు తినమని రాసిండ్రు. మా అమ్మ రోజూ జొన్న గట్కనే తాగింది. పండుగకి వరన్నం దొరికితే అదే మాకు విలాసం. ఇప్పుడు మీకు గట్క విలాసమైంది" అంది. ఇంకో మాట కూడా అంది: "ఎండు తునకల కూర ఏ డైట్ కాగితంలోనన్నా చూసినవా?"

చూడలేదు. ఓట్స్, పనీరు, మొలకలు, బాదం పప్పులు. ఆ కాగితానికి ఒక కులం, ఒక వర్గం ఉన్నాయి. నా ఇంటి తిండికి దగ్గరగా ఉండటం వల్ల అవి నాకు కనిపించలేదు, అంతే.

ఈ మాట పోషకాహార శాస్త్రం లోపలి నుంచి చెప్పినవారున్నారు. హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థలో దశాబ్దాలు పనిచేసిన వీణా శత్రుఘ్న, పేదలకి సిఫారసు చేసిన చవక 'సమతులాహారం' ఎలా తయారైందో విమర్శించారు. కేలరీలు చవగ్గా నింపాలన్న లెక్కలో ధాన్యం పెరిగింది, గుడ్డూ మాంసం పాలూ పక్కకి పోయాయి, సిఫారసు చేసిన శాస్త్రవేత్తల శాకాహార అలవాట్లు శాస్త్రంగా చలామణి అయ్యాయి అన్నది ఆమె వాదన. ఇక్కడ 1983లో రెండు రూపాయల కిలో బియ్యం వచ్చింది. ఆకలి తీరింది, ఆ మేలు చిన్నది కాదు. మెట్ట ప్రాంతాల్లో వరన్నం గౌరవం కూడా అయింది. కానీ పళ్ళెంలో తెల్లన్నం పెరిగినంతగా పప్పూ గుడ్డూ పెరగలేదు. అదే సంస్థ 2024లో ఇచ్చిన ఆహార మార్గదర్శకాలు, ధాన్యాల నుంచి వచ్చే కేలరీలు 45 శాతం దాటకూడదంటున్నాయి. అన్నం తగ్గించమని చెప్పడం తేలిక. ఆ ఖాళీని దేంతో నింపాలి, ఎవరి డబ్బుతో నింపాలి అన్నది అసలు ప్రశ్న.

జహీరాబాద్ ప్రాంతంలో డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ సంఘాల దళిత మహిళలు దశాబ్దాలుగా జొన్న, సజ్జ, కొర్ర విత్తనాలని దాచి, పంచుకుని కాపాడారు. 2023ని అంతర్జాతీయ చిరుధాన్యాల సంవత్సరం అన్నప్పుడు వాటికి 'శ్రీ అన్న' అని పేరు పెట్టారు. సూపర్‌మార్కెట్లో కొర్రబియ్యం సంచీ ధర మామూలు బియ్యం ధరని దాటిపోయింది. పేదరాలి గిన్నెలో ఉన్నప్పుడు లేని శ్రీ, మన గిన్నెలోకి రాగానే వచ్చింది!

2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం దేశంలో 15 నుంచి 49 ఏళ్ళ లోపు స్త్రీలలో 57 శాతం మందికి రక్తహీనత ఉంది. 24 శాతం మంది అధిక బరువుతో ఉన్నారు. ఈ రెండూ ఎప్పుడూ వేర్వేరు స్త్రీలు కారు. బరువు ఎక్కువ, రక్తం తక్కువ ఉన్న మనిషిని చూడాలంటే మనలో చాలామంది అద్దం ముందు నిలబడితే చాలు. మిగిలిన అన్నంలో చారు పోసుకుని కడుపు నింపుకునే శరీరం అలాగే ఉంటుంది. అది తిండిపోతుతనం కాదు, కడబంతి ఫలితం.

*

ఇంతవరకూ రాశాక, ఇక్కడ ఆగి నాకు నేను ఎదురు చెప్పుకోవాలి. చక్కెరకి సిద్ధాంతాలు తెలియవు. నేను పితృస్వామ్యాన్ని ఎంత విశ్లేషించినా రెండు కప్పుల తెల్లన్నం తింటే రక్తంలో చక్కెర పెరుగుతుంది. అమ్మ ప్రశ్న న్యాయమైనదే. ఆ న్యాయం ఆమె కాలివేలిని తిరిగి తేలేదు. చివరి రెండేళ్ళు ఎడమకన్ను దాదాపు కనిపించలేదు. రాత్రిపూట దొంగతనంగా తిన్న బొబ్బట్లని తిరుగుబాటు అని పేరు పెట్టి నేను ఇప్పుడు ముచ్చటపడితే, అది ఆమె బాధ మీద చేసే అలంకారం అవుతుంది.

మార్కెట్ కూడా ఇప్పుడు స్త్రీల ఇష్టం గురించే మాట్లాడుతోంది. 'మీకోసం మీరు', 'మీరు దీనికి అర్హులు' అంటూ చాక్లెట్లూ ఐస్‌క్రీములూ అమ్ముతోంది. మనం వాడిన విముక్తి మాటల్నే మనకి తిరిగి అమ్ముతోంది. నోరు కట్టుకోమనేవాళ్ళకీ, నోరు తెరవమని డబ్బు గుంజేవాళ్ళకీ మధ్య నా నోటికి నేనే యజమానురాల్ని కావడం ఎలా?

హైదరాబాద్ బుక్ ట్రస్ట్ 1991లో తెచ్చిన 'సవాలక్ష సందేహాలు' అప్పట్లో మాకు నేర్పిన పాఠం మళ్ళీ పనికొచ్చింది. నీ శరీరం గురించి తెలుసుకో, తెలిశాక నువ్వే నిర్ణయం తీసుకో అన్నది ఆ పాఠం. అలా నేర్చుకున్నవి కొన్ని ఉన్నాయి. డాక్టర్ని అడిగి, వేలు గుచ్చుకుని చూసుకుని నేర్చుకున్నవి. కూరా పప్పూ ముందు తిని అన్నం చివర తింటే అంకె అంత ఎగబాకదు. తిన్నాక పదిహేను నిమిషాలు నడిస్తే ఇంకా తగ్గుతుంది. ఓట్స్ నాకు సయించలేదు, పెసరట్టు సయించింది. గుడ్డు మొదలుపెట్టాను. స్నేహితురాలి ఇంట్లో జొన్నరొట్టె చేత్తో తట్టడం నేర్చుకున్నాను. నాది ఇప్పటికీ గుండ్రంగా రాదు.

వీటన్నిటికన్నా నాకు పనికొచ్చింది, ఏం తినాలి అన్నదానితో పాటు ఎలా తినాలి అని కూడా ఆలోచించడం. నాకు నేను మూడు షరతులు పెట్టుకున్నాను. నిలబడి తినను. మిగిలింది పారేయలేక తినను. ఎవరూ చూడకుండా తినను. చూడ్డానికి చిన్నవే. కానీ గిన్నె అడుగున మిగిలిన పులిహోర, మనవరాలు వదిలేసిన సగం లడ్డు, పాలగిన్నె మీగడ, ఇవన్నీ కలిపి లెక్కవేస్తే నా రోజులో నాలుగో భోజనం అంత తేలింది. అందులో ఒక్క ముద్ద కూడా నేను కోరి తిన్నది కాదు. అది మానేస్తే నాకు నష్టమేమీ లేదు. పైగా, కోరి తినేదానికి చోటు దొరికింది.

ఈ ఒప్పందం ఎప్పుడూ నిలబడుతుందని చెప్పను. సెమిస్టర్ పేపర్లు దిద్దే రోజుల్లో మిక్స్చరు పొట్లాలు ఖాళీ చేశాను. ఆషాఢంలో మామిడి తాండ్ర దగ్గర ఓడిపోయాను. అప్పుడు వెంటనే మనసులో ఆ పాత అరుపు వినిపిస్తుంది: 'ఆ మాత్రం నోరు కట్టుకోలేవా?' ఆ గొంతు నాదే. దాన్ని తగ్గించడం చక్కెర తగ్గించడం కన్నా కష్టంగా ఉంది.

*

పోయిన ఉగాదికి మా ఇంట్లో బొబ్బట్లు చేశాం. చేశాం అంటే, పూర్ణం నేను ఉడికించాను, పెనం దగ్గర మా ఆయన నిలబడ్డాడు. నాకు చిన్నది చాలు, కానీ అసలు బెల్లంతోనే, మొదటి వాయిలోనే కావాలని చెప్పాను. ఆ పూట అన్నం మానేశాను. కూర్చున్నాను. పెనం మీంచి తీసి నెయ్యి వేసి పెట్టాడు. ఆ వేడికి పూర్ణం నాలుక మీద కాలింది. యాభై ఎనిమిదేళ్ళ జీవితంలో, అందరికన్నా ముందు, కూర్చుని, వేడి బొబ్బట్టు తినడం అదే మొదటిసారి అని తట్టి ఆగిపోయాను. నాలాంటి చదువుకున్న, సంపాదించుకున్న స్త్రీవాదికి కూడా!

మా అమ్మాయి అన్నీ చూస్తూనే ఉంది. రెండు గంటల తర్వాత మీటరు తనే తెచ్చింది. 168. "ఫర్లేదు" అంది. తర్వాతి మూడు నెలల పరీక్షలో 6.7 వచ్చింది. గొప్ప అంకె కాదు, చెడ్డదీ కాదు.

అప్పటి రాత్రి నేను చెయ్యాల్సిన పని ఏమిటో ఇప్పుడు స్పష్టంగా తెలుస్తోంది. దీపం వేసి, పెనం పెట్టి, ఒకటి వెచ్చజేసి, అమ్మని కూర్చోబెట్టి పెట్టాల్సింది. మర్నాడు ఆమె అన్నంలో రెండు ముద్దలు తగ్గించాల్సింది. అదీ పథ్యమే అయ్యేది. ఆమె ఎక్కువ కాలం బతికేదని కాదు. చీకట్లో నిలబడి తినాల్సిన అవసరం ఉండేది కాదు.

మన కథల్లో, కవితల్లో వండే స్త్రీ పక్కన తినే స్త్రీని కూడా చూడాలనుంది. ఆమెకేది ఇష్టమో, ఏది పడదో, ఎంత తింటే చాలనుకుందో ఆమె నోటితోనే వినాలనుంది. మీ అమ్మలకి ఏం తినడం ఇష్టమో మీకు తెలుసా? మా అమ్మకి బొబ్బట్టు అంత ఇష్టమని, ఆ డబ్బా మూత చప్పుడయ్యేదాకా నాకు తెలియదు.

ఇప్పుడు మా ఇంట్లో ఆ డబ్బా కింది అరలోనే ఉంటుంది.